సాల్మన్ వాగుల సంరక్షణలో మన వంతు: వాషింగ్టన్ రాష్ట్ర తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

వాషింగ్టన్ రాష్ట్రంలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వాటిలో సభ్యులైన కుటుంబాలకు,

నమస్కారం.

మన సంఘాల సమావేశాల్లో నేను ఎన్నడూ వినని ఒక విషయాన్ని మీ ముందు ఉంచడానికి ఈ లేఖ రాస్తున్నాను. బాతెల్ నుంచి రెంటన్ దాకా, రెడ్మండ్ నుంచి ఇసాక్వా దాకా మనవాళ్లు ఇళ్లు కొనుక్కుని పిల్లల్ని పెంచుకుంటున్న ఈ నేల 1855 జనవరి 22న ముకిల్టియో దగ్గర కుదిరిన పాయింట్ ఎలియట్ సంధితో ఇక్కడి ఆదివాసీ తెగల చేతుల్లోంచి అమెరికా ప్రభుత్వ అధీనంలోకి వెళ్లింది. అంత నేలను వదులుకున్న తెగలు తమ కోసం అట్టిపెట్టుకున్నవి చాలా కొద్ది. వాటిలో ముఖ్యమైనది తరతరాలుగా తాము చేపలు పట్టుకుంటూ వచ్చిన తావుల్లో ఇకముందు కూడా పట్టుకునే హక్కు. ఆ హక్కు కాగితం మీద చెక్కుచెదరకుండా ఉంది, సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబడింది కూడా. అయితే ఆ చేప, ముఖ్యంగా వాగుల్లో పుట్టి సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి మళ్లీ వాగులకే తిరిగి వచ్చే సాల్మన్, బతకవలసిన నీటి మీద పెత్తనం డజనుకు పైగా కార్యాలయాల మధ్య చీలిపోయి ఉంది. ఆ కార్యాలయాల్లో అన్నిటికంటే కిందిదీ, మనకు అన్నిటికంటే దగ్గరిదీ మన ఊరి సిటీ కౌన్సిల్. అక్కడ మనకు ఓటుంది, మాట్లాడే హక్కుంది. కానీ వాగుల గురించి, వాననీటి గురించి, చెట్ల గురించి విచారణ జరిగే రోజున మనం ఆ గదిలో ఉండం. ఈ లోటును మన సంఘాలు తీర్చగలవని నమ్మి రాస్తున్నాను.

ముందుగా మనలో కొందరికి ఉన్న ఒక అభ్యంతరం గురించి చెప్పాలి. నదిలో తెగలవారి వలలు కనిపించినప్పుడో, పత్రికలో చేపల సీజను వార్త చదివినప్పుడో, రాష్ట్ర జనాభాలో అంత తక్కువ మందికి సగం చేపలెందుకు ఇవ్వాలి, ఇది ప్రత్యేక రాయితీ కాదా అని అడిగేవాళ్లు మన మధ్య ఉన్నారు. ఇది రాయితీ కాదు. 1854 డిసెంబరు 26న మెడిసిన్ క్రీక్ దగ్గర మొదలుపెట్టి, కొద్ది వారాల్లోనే గవర్నర్ ఐజాక్ స్టీవెన్స్ ఈ తీరమంతా తిరిగి ఒకదాని వెంట ఒకటిగా సంధులు కుదుర్చుకున్నాడు. చర్చలు జరిగింది తెగల సొంత భాషల్లో కాదు, ఇంగ్లిషులోనూ కాదు, కొన్ని వందల మాటలు మాత్రమే ఉన్న చినూక్ జార్గన్ అనే బేరసారాల భాషలో. అంత తొందరలో, అంత ఇరుకైన భాషలో జరిగిన చర్చల్లో కూడా తెగల పెద్దలు చేపల విషయంలో వెనక్కి తగ్గలేదు. యాకమా తెగ తరఫున ఫెడరల్ ప్రభుత్వం వేసిన కేసులో 1905లోనే సుప్రీంకోర్టు విషయాన్ని తేల్చి చెప్పింది. ఈ సంధి తెగలకు ఏదో హక్కు ధారాదత్తం చేసిన పత్రం కాదని, తెగలే తమకున్న హక్కుల్లో కొన్నింటిని ఎదుటివారికి ఇచ్చి మిగిలినవి తమ దగ్గరే ఉంచుకున్న పత్రమని ఆ తీర్పు సారాంశం. అమెరికా రాజ్యాంగం ప్రకారం సంధి దేశపు అత్యున్నత చట్టంలో భాగం. మన ఇంటి దస్తావేజుల గొలుసును వెనక్కి తిప్పుకుంటూ పోతే మొదట తగిలేది ఆ సంధే. కాబట్టి దాన్ని మన్నించడం మన ఆస్తి హక్కుకు మూలమైన కాగితాన్ని మన్నించడమే అవుతుంది.

ఆ మాట నిలబెట్టుకోవడానికి ప్రభుత్వానికి నూటపాతికేళ్లు కూడా చాలలేదు. రాష్ట్రం తన చేపల చట్టాల పేరిట తెగలవారిని అరెస్టు చేస్తూ వచ్చింది. నిస్క్వాలీ తెగకు చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్‌ను తన సొంత నదిలో చేపలు పట్టినందుకు 1945లో మొదటిసారి పట్టుకున్నప్పుడు అతని వయసు 14 ఏళ్లు. తర్వాతి కాలంలో ఆయన యాభైసార్లకు పైగా అరెస్టయ్యాడు. 1960లలోనూ 1970ల తొలినాళ్లలోనూ నిస్క్వాలీ, ప్యూయాలప్ నదుల ఒడ్డున లాఠీలు, బాష్పవాయువు, పడవల ధ్వంసం సాగాయి. చివరికి ఫెడరల్ ప్రభుత్వమే తెగల తరఫున రాష్ట్రం మీద దావా వేసింది. 1974 ఫిబ్రవరి 12న న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పారు. తెగల సంప్రదాయ తావులకు చేరే చేపల్లో పట్టుకోదగినవాటిలో సగం తెగలవని, చేపల నిర్వహణలో రాష్ట్రంతో సమానంగా తెగలు కూడా నిర్వాహకులేనని ఆ తీర్పు సారం. 1979లో సుప్రీంకోర్టు దాన్ని ప్రధానంగా సమర్థించింది. అంతకుముందు తెగల వాటా అయిదు శాతం దరిదాపుల్లో మాత్రమే ఉండేది.

తీర్పు వచ్చిన ఏడాదే పశ్చిమ వాషింగ్టన్ సంధి తెగలు కలిసి నార్త్‌వెస్ట్ ఇండియన్ ఫిషరీస్ కమిషన్‌ను స్థాపించుకున్నాయి. ఈ రోజు అందులో 20 తెగలున్నాయి. జీవశాస్త్రవేత్తలు, నీటి నాణ్యత నిపుణులు, చేపపిల్లలను పెంచే హేచరీల సిబ్బంది, జన్యు పరీక్షలు చేసేవారు తెగలకు సొంతంగా ఉన్నారు. ఏ నదిలో ఎన్ని చేపలు తిరిగి రాబోతున్నాయో లెక్కగట్టి, ఎవరు ఎప్పుడు ఎంత పట్టుకోవాలో ప్రతి వసంతంలో రాష్ట్రమూ తెగలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని తేల్చుకుంటాయి. 1985లో కెనడాతో కుదిరిన పసిఫిక్ సాల్మన్ ఒప్పందం అమలులోనూ తెగలకు ప్రతినిధులున్నారు. ఒకప్పుడు జైలుకు పంపిన ప్రభుత్వంతో ఇలా కలిసి పనిచేయడానికి ఎంత ఓర్పు కావాలో తలచుకుంటే నాకు బిల్లీ ఫ్రాంక్ మీద గౌరవం పెరుగుతుంది. ఆయన మూడు దశాబ్దాలకు పైగా ఆ కమిషన్‌కు అధ్యక్షుడిగా పనిచేసి 2014లో కన్నుమూశాడు. నిస్క్వాలీ నదీముఖంలోని జాతీయ వన్యప్రాణి ఆశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది.

చిక్కు ఎక్కడుందంటే, చేపను పట్టడం గురించి ఒక బల్ల ఉంది కానీ చేపను బతికించడం గురించి అలాంటి బల్ల లేదు. 1999లో ప్యూజెట్ సౌండ్ అనే ఇక్కడి సముద్రపు పాయకు చెందిన చినూక్ రకం సాల్మన్‌ను అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కిందకు తెచ్చారు. ప్రధానంగా ఆ చినూక్‌నే తిని బతికే ఇక్కడి ఓర్కా తిమింగలాలను 2005లో, సాల్మన్‌కు దగ్గరి చుట్టమైన స్టీల్‌హెడ్ చేపను 2007లో అదే చట్టం కిందకు చేర్చారు. మన వాషింగ్టన్ సరస్సులో సాకై అనే మరో రకం సాల్మన్‌ను పట్టుకోవడానికి చివరిసారి సీజను తెరిచింది 2006లో. సగం వాటా అని కోర్టు చెప్పింది నిజమే, పంచుకోవడానికి చేపే రాకపోతే ఆ సగంతో ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది? సంధి హక్కులో చేపల ఆవాసాన్ని కాపాడవలసిన బాధ్యత కూడా ఇమిడి ఉందని 1980లో జిల్లా కోర్టు చెప్పింది. నిర్దిష్టమైన వాస్తవాలు లేకుండా అంత విశాలమైన సూత్రం ప్రకటించకూడదంటూ 1985లో అప్పీలు కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. దాంతో పెద్ద ప్రశ్నకు నేరుగా జవాబు దొరకలేదు, ఒక్కో సమస్య మీద ఒక్కో పోరాటం చేయవలసి వచ్చింది.

2011లో సంధి తెగలు వాషింగ్టన్ డి.సి.కి ఒక పత్రం సమర్పించాయి. అందులో వాళ్లు చెప్పింది ఇది: చేపలు తగ్గిన ప్రతిసారీ మా వలల మీద కోత పడుతోంది, ఆవాసాన్ని నాశనం చేసే పనులకు మాత్రం అనుమతులు దొరుకుతూనే ఉన్నాయి, బాగుచేస్తున్న దానికంటే వేగంగా ఆవాసం చేజారిపోతోంది, ఒకే ఫెడరల్ ప్రభుత్వంలోని శాఖలే ఒకదానికొకటి ఎదురు నడుస్తున్నాయి, కాబట్టి వీటన్నిటినీ ఒక తాటి మీదకు తెచ్చే బాధ్యతను ఎవరో ఒకరు తీసుకోవాలి. ఆ తర్వాత కమిటీలు, కార్యబృందాలు వచ్చాయి. కొంత పని జరిగింది కూడా. కానీ ఆ పత్రంలోని ప్రధానమైన ఫిర్యాదు ఇవాళ చదివినా పాతబడినట్టు అనిపించదు.

ఈ చీలిక ఎలా ఉంటుందో మనకు తెలిసిన చోటునే తీసుకుని చూద్దాం. రెడ్మండ్‌లోని బేర్ క్రీక్‌లో చినూక్, సాకై, కోహో అనే సాల్మన్ రకాలు గుడ్లు పెడతాయి. ఆ వాగు పైభాగంలోని పొలాలు, గుర్రాల పాకలు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల మీద అధికారం కౌంటీది. కిందికి వస్తే వీధుల మీది వాననీరు, కొత్త అపార్ట్‌మెంట్లకు అనుమతులు సిటీవి. దాన్ని దాటే హైవే రాష్ట్ర రవాణా శాఖది. వాగులో ఏ నిర్మాణం చేయాలన్నా రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖ పర్మిట్ కావాలి. నీటి నాణ్యత రాష్ట్ర పర్యావరణ శాఖ బాధ్యత, దాని ప్రమాణాలను ఆమోదించేది ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ. వాగు కలిసే సమామిష్ నది, మన పిల్లలు క్రికెట్ ఆడే మేరీమూర్ పార్కు పక్కనుంచే సాగే ఆ నది, 1960లలో ఆర్మీ ఇంజనీర్లు వరద నివారణ కోసం తవ్వి తిన్నగా చేసినది. దానికి పూర్వపు వంపులు, నీడ ఇచ్చే చెట్లు పోవడంతో వేసవిలో నీరు వేడెక్కుతుంది. అక్కడినుంచి వాషింగ్టన్ సరస్సు, తర్వాత షిప్ కెనాల్ అనే ఓడల కాలువ, చివరన సరస్సుకూ సముద్రానికీ మధ్య ఓడలను ఎక్కించి దించే బాలర్డ్ లాకులు. 1916లో ఆ కాలువ కోసం సరస్సు మట్టాన్ని సుమారు తొమ్మిది అడుగులు దించినప్పుడు, సరస్సుకు సహజమైన దారిగా ఉన్న బ్లాక్ నది ఎండిపోయింది. ఇప్పుడు సముద్రం నుంచి వచ్చే ప్రతి సాల్మన్ ఆ లాకుల గుండానే రావాలి, వేసవిలో 20 డిగ్రీల సెల్సియస్ దాటే ఆ కాలువ నీటిని ఈదుకుంటూ పోవాలి. చల్లని నీటి జాతికి అది ప్రాణాంతకం కావచ్చు, రోగాలు ముసురుకునే వేడి అది. లాకులను నడిపేది ఆర్మీ ఇంజనీర్లు. చట్టం రక్షణ కిందున్న సాల్మన్‌కు బాధ్యులు ఫెడరల్ సముద్ర మత్స్య శాఖ.

ఒక్క చేప ఒక్క ప్రయాణంలో ఇంతమంది సరిహద్దులు దాటుతుంది. వీళ్లలో ఎవరి ఫైలులోనూ ఆ ప్రయాణం మొత్తం కనిపించదు. మొత్తం చూడవలసిన అవసరం తెగల సహజ వనరుల శాఖలకే పడుతోంది. కౌంటీ విచారణకూ వాళ్లే వెళ్లాలి, హైవే పథకం సమీక్షకూ వాళ్లే వెళ్లాలి, ఆర్మీ ఇంజనీర్ల నోటీసుకూ వాళ్లే జవాబు రాయాలి. కొద్దిమంది సిబ్బందితో అన్ని బల్లల దగ్గరా కూర్చోవడం ఎంత భారమో మనలో ప్రభుత్వ శాఖలతో పనిచేసినవారికి బాగా తెలుసు.

కల్వర్టుల కేసు దీనికి స్పష్టమైన ఉదాహరణ. రోడ్డు కింద వాగు పారడానికి పెట్టిన గొట్టం మరీ ఇరుకైతే నీటి వడి పెరిగి చేప ఎదురీదలేదు. గొట్టం చివర నీరు కోసుకుపోయి అంచు పైకి లేస్తే అది చేప దూకలేని గోడవుతుంది. పైన మైళ్ల కొద్దీ మంచి వాగు ఉన్నా అది ఉపయోగంలోకి రాదు. 2001లో 21 తెగలు ఈ విషయం మీద కోర్టుకు వెళ్లాయి. సంధి హక్కుకు అడ్డంగా ఇలాంటి కల్వర్టులు కట్టి ఉంచడం రాష్ట్రానికి తగదని 2007లో న్యాయమూర్తి రికార్డో మార్టినెజ్ తీర్పిచ్చారు. రాష్ట్ర కల్వర్టులు మూసేసిన ఆవాసంలో 90 శాతం 2030 నాటికి తెరవాలని 2013లో ఆదేశించారు. 2018 జూన్ 11న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలవడంతో కింది కోర్టు ఆదేశమే ఖాయమైంది. కొన్ని వందల కోట్ల డాలర్ల పని ఇది. హైవేల మీద వెళ్తూ మనం చూసే కొత్త వంతెనల్లో కొన్ని ఈ ఆదేశం ఫలితమే, ట్రాఫిక్ ఆగినప్పుడు విసుక్కునేవారికి ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

అయితే ఆ ఆదేశం రాష్ట్ర ప్రభుత్వ కల్వర్టులకే వర్తిస్తుంది. అదే వాగు మీద కొంచెం పైనో కిందనో సిటీ వేసిన కల్వర్టు ఉంటుంది, కౌంటీ రోడ్డు కింద మరొకటి, ఏదో ఒక గృహ సముదాయం సొంత దారి కింద ఇంకొకటి ఉంటాయి. రాష్ట్రం కోట్లు పోసి పెద్ద వంతెన కట్టిన తర్వాత కూడా చేప సిటీ గొట్టం దగ్గర ఆగిపోతే ఆ ఖర్చుకు ఫలం సగమే దక్కుతుంది. ఈ చిక్కు తెలిసే రాష్ట్ర శాసనసభ 2014లో చేపల అడ్డంకుల తొలగింపు మండలిని ఏర్పాటు చేసింది. ఒకే వాగు మీది అడ్డంకులన్నిటినీ వరుసలో తొలగించేలా తెగలనూ స్థానిక ప్రభుత్వాలనూ కలపడం దాని పని. దానికి నిధులు కావాలి, సిటీల ముందుచూపు కావాలి. మీ గృహ సముదాయ సంఘంలో కార్యవర్గ సభ్యులుగా ఉన్నవారు మీ దారి కింది గొట్టాన్ని ఒకసారి చూపించుకోండి. అది చేపల వాగు మీద ఉందేమో రాష్ట్రం ప్రచురించే అడ్డంకుల పటంలో తెలుసుకోవచ్చు.

నీటిలోని విషాల విషయానికి వస్తే, పరిశ్రమలు నదుల్లోకి ఎంత కాలుష్యం వదలవచ్చో తేల్చే లెక్కలో ఒక మనిషి రోజుకు ఎంత చేప తింటాడన్నది ఒక అంకె. చాలాకాలం వాషింగ్టన్ రాష్ట్రానికి ఆ అంకె రోజుకు 6.5 గ్రాములు. అంటే నెలకు రెండు వందల గ్రాములు కూడా కాదు. మూడు పూటలా చేప వండుకునే ఇళ్లకు ఆ లెక్క కట్టి రక్షణ నిర్ణయించారన్నమాట. తెగలు ఏళ్ల తరబడి పట్టుబట్టిన మీదట 2016లో ఆ అంకె రోజుకు 175 గ్రాములైంది, దాని ఆధారంగా ఫెడరల్ సంస్థ కఠినమైన ప్రమాణాలు విధించింది. తర్వాతి ప్రభుత్వం వాటిని ఉపసంహరించింది. 2022లో మళ్లీ పునరుద్ధరించారు. ఒక తెగ పిల్లల ఆరోగ్యం ఎన్నికల ఫలితాలతో పాటు ఇలా ఊగిసలాడడం చాలా బాధాకరం.

కార్ల టైర్ల సంగతి అయితే నేరుగా మనదే. వానాకాలం మొదట్లో పట్టణ వాగుల్లోకి వచ్చిన కోహో సాల్మన్ గుడ్లు పెట్టకముందే గంటల వ్యవధిలో గిలగిల్లాడి చనిపోవడం సియాటిల్ ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదే. టకోమా, ప్యూయాలప్‌లలోని విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020 డిసెంబరులో కారణాన్ని బయటపెట్టారు. టైరు పగలకుండా ఉండడానికి రబ్బరులో కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్ అనే పదార్థంగా మారుతుంది. టైరు అరిగిన ధూళితో పాటు అది రోడ్డు మీద పడి, వానకు కొట్టుకుని వాగుల్లో చేరుతుంది. కోహోకు అది అతి స్వల్ప మోతాదులోనూ విషమే. 2023లో ప్యూయాలప్, పోర్ట్ గ్యాంబుల్ స్క్లాలమ్, కాలిఫోర్నియాలోని యూరోక్ తెగలు దాని వాడకాన్ని నియంత్రించాలని ఫెడరల్ పర్యావరణ సంస్థను కోరాయి. ఆ ఏడాది నవంబరులో సంస్థ వారి అర్జీని స్వీకరించి నిబంధనల ప్రక్రియ మొదలుపెడతామంది. టైర్ల తయారీలో మార్పు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా చేయగలిగిన పని మన ఊళ్లలోనే ఉంది. రోడ్డు నుంచి వచ్చే వాననీటిని నేరుగా వాగులోకి వదలకుండా ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి పొర గుండా ఇంకించితే కోహోను చంపే విషం చాలావరకు అక్కడే ఆగుతుందని పరిశోధనల్లో తేలింది. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఎక్కడ పెట్టాలి, ఎవరు ఖర్చు భరించాలి, ఎవరు నిర్వహించాలి అన్నవి సిటీ వాననీటి ప్రణాళికలో తేలే విషయాలు.

అందరూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే నిస్క్వాలీ నదిని చూడాలి. రెయినీర్ పర్వతపు హిమానీనదంలో పుట్టి జాతీయ ఉద్యానం, అడవి కంపెనీల భూములు, టకోమా విద్యుత్ ఆనకట్టలు, పాడి పొలాలు, సైనిక స్థావరం, తెగ భూములు దాటి సముద్రంలో కలిసే ఆ నది కోసం 1987లో శాసనసభ ఆమోదంతో ఒక నదీ మండలి ఏర్పడింది. అంతకు కొన్నేళ్ల ముందు దాకా తెగవారిని పట్టుకుని జైలుకు పంపిన నది అది. ఈ మండలిలో తెగ, రైతులు, సైన్యం, కంపెనీలు, కౌంటీలు పక్కపక్కన కూర్చున్నాయి. సాల్మన్ పునరుద్ధరణను నిస్క్వాలీ తెగే ముందుండి నడిపిస్తోంది. నది పొడవునా ఒడ్డు భూములను ఒక్కొక్కటిగా రక్షణలోకి తెచ్చారు. 2009లో నదీముఖంలో వందేళ్లకు పైగా సముద్రపు పోటును అడ్డుకున్న కట్టను తొలగించి 760 ఎకరాలకు పైగా ఉప్పునీటి బీళ్లను తిరిగి పోటుపాట్లకు అప్పగించారు. నది నుంచి సముద్రానికి వెళ్లే పిల్ల సాల్మన్ ఉప్పునీటికి అలవాటుపడి బలం పుంజుకునేది అలాంటి చోటే. అక్కడా అన్నీ తీరిపోలేదు. ఇంటర్‌స్టేట్ 5 రహదారి కట్ట ఇంకా ఆ నదీముఖాన్ని నొక్కి పట్టే ఉంది. కానీ ఆ నది గురించి ఎవరితో మాట్లాడాలో అందరికీ తెలుసు. మన సమామిష్, సీడార్, గ్రీన్ నదుల పరీవాహకాల్లోనూ సాల్మన్ పునరుద్ధరణ మండళ్లున్నాయి, మన సిటీలు వాటిలో సభ్యులు. ఆ మండళ్ల ప్రణాళికలు సిటీ బడ్జెట్లో కనిపించేలా అడిగేవారే తక్కువ.

చెట్ల విషయంలో ఈ కొరత మరీ స్పష్టంగా తెలిసింది. వాగు ఒడ్డున పొడవైన చెట్ల వరుస ఉంటేనే నీరు చల్లగా ఉంటుంది, ఒడ్డు కోసుకుపోదు, పడిన దుంగల చాటున పిల్ల చేపలు దాగుతాయి. స్వినోమిష్ తెగ మత్స్య నిర్వాహకురాలిగా దశాబ్దాలు పనిచేసి 2021లో కన్నుమూసిన లొరేన్ లూమిస్ పేరిట, ఒడ్డు వెంట ఎంత మేర చెట్లను కాపాడాలో నిర్దేశించే బిల్లు 2022లో రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చింది. భూయజమానుల వ్యతిరేకతతో అది నెగ్గలేదు. సేద్యం చేసుకునేవారి ఇబ్బందిని నేను తీసిపారేయను, మనలో చాలామంది రైతుల బిడ్డలమే, పొలం గట్టున జానెడు నేల పోవడం ఎలా ఉంటుందో మనకు తెలుసు. పరిహారంతో, రైతుల భాగస్వామ్యంతో చేయవలసిన పని అది. కానీ వాగు వెనుక పెరడు ఉన్న ఇళ్లలో నీటి అంచు దాకా పచ్చిక పెంచడానికి చెట్లు కొట్టించే మనవాళ్లకు ఆ రైతు ఇబ్బంది లేదు.

గోదావరి జిల్లాలవారికి ఇదంతా వేరే చెప్పనక్కర్లేదు. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీదే పులస ధవళేశ్వరం బ్యారేజీ దాకా వచ్చి ఆగిపోతుందని, ఏటా చిక్కే పులసలు తగ్గిపోతున్నాయని, వేలంలో ధర పెరుగుతోందని ప్రతి వానాకాలం మాట్లాడుకుంటాం. గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికి తిరిగి వచ్చే చేపకు దారి మూసుకుపోతే ఏమవుతుందో అర్థం చేసుకోవడానికి మనకు జీవశాస్త్ర పాఠం అవసరం లేదు. ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ఉండి కూడా భూములు ఎలా చేతులు మారాయో చూసినవారికి, రాసి ఉన్న హక్కుకూ అనుభవంలో ఉన్న హక్కుకూ మధ్య దూరం ఎంతో కూడా తెలుసు.

ఇక మన సంఘాలను నేను కోరేది ఏమిటో చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రతి సిటీకి, అంటే రెడ్మండ్, బెల్వ్యూ, సమామిష్, ఇసాక్వా, బాతెల్, కెంట్ వంటి ఊళ్లకు, సంఘం తరఫున ఒకరిద్దరు బాధ్యులను నియమించండి. సిటీ కౌన్సిల్ అజెండాలో వాగులు, చిత్తడి నేలలు, చెట్ల నరికివేత, వాననీటి రుసుములకు సంబంధించిన అంశాలు ఎప్పుడు వస్తున్నాయో చూసి సభ్యులకు తెలియజేయడం వాళ్ల పని. సున్నిత ప్రాంతాల నిబంధనలను కొన్నేళ్లకోసారి సవరిస్తారు. ఆ సవరణ విచారణల్లో డెవలపర్ల తరఫు న్యాయవాదులు తప్పక ఉంటారు, తెగల జీవశాస్త్రవేత్తలు రాసిన వ్యాఖ్యలు ఫైలులో ఉంటాయి, ఓటర్లు మాత్రం ఉండరు. ఆ కుర్చీల్లో మనవాళ్లు పదిమంది కూర్చుంటే కౌన్సిల్ సభ్యులు గమనిస్తారు. మాట్లాడే ముందు తెగలు ఆ అంశం మీద ఏమని రాశాయో చదవండి. వాళ్ల తరఫున మనం మాట్లాడకూడదు, వాళ్లు ఇప్పటికే చెప్పినదానికి ఈ ఊరి పౌరులుగా మన మద్దతు చెప్పాలి. వాననీటి రుసుము నెలకు కొద్ది డాలర్లు పెరుగుతుందన్నప్పుడు వ్యతిరేకిస్తూ సంతకాలు సేకరించే అలవాటును కూడా ఈ వెలుగులో ఒకసారి పునరాలోచించమని కోరుతున్నాను.

మన ఆలయాలకు, సాంస్కృతిక భవనాలకు పెద్ద పార్కింగ్ స్థలాలున్నాయి, కొత్తవి కడుతున్నవారూ ఉన్నారు. కనీస నిబంధన ఎంతో అంతే చేయించమని గుత్తేదారుకు చెప్పకుండా, ఆ తారు మీద పడిన వాననీటిని మట్టి పొర గుండా ఇంకించే తోటలు మొదటినుంచే నక్షాలో పెట్టించండి. ఉన్న స్థలాల్లోనూ మార్పులు చేయవచ్చు, చాలా సిటీలు, కౌంటీలు అందుకు సాంకేతిక సహాయం ఇస్తాయి. మనలో సివిల్ ఇంజనీర్లు, రవాణా శాఖల్లో పనిచేసేవారు, వాననీటి నమూనాలు తయారుచేసేవారు ఉన్నారు. వారాంతంలో ఒక పూట ఆలయ కమిటీకి సలహా ఇవ్వగలవారు తప్పక దొరుకుతారు.

ఉగాది, సంక్రాంతి సభల్లో ఈ నేల ఎవరిదో గుర్తుచేసే నాలుగు మాటలు చదవడం కొన్నిచోట్ల మొదలైంది. అది మంచి పని. దానితో ఆగకుండా, సమీప తెగ సహజ వనరుల శాఖ నుంచి ఒకరిని పిలిచి, వారి సమయానికి తగిన పారితోషికం ఇచ్చి, మన సభ్యులకు ఈ విషయాలు వారి నోటి నుంచే వినిపించండి. వారు రాలేమంటే దాన్ని మన్నించండి, వాళ్లకు ప్రతి వారం ఇలాంటి ఆహ్వానాలెన్నో వస్తాయి. తెగలు తమ నదుల్లో జరిపే మొక్కలు నాటే కార్యక్రమాలకు స్వచ్ఛందంగా రమ్మని ప్రజలను పిలిచినప్పుడు మన యువ విభాగాలు వెళ్లవచ్చు. ఏటా అక్టోబరులో ఇసాక్వా హేచరీ దగ్గర సాల్మన్ రాకను చూడటానికి మనవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్తూనే ఉన్నారు. ఆ చేప అక్కడిదాకా రావడానికి ఎవరెవరి నిర్ణయాలు పనిచేశాయో కూడా పిల్లలకు చెప్పగలగాలి.

రాష్ట్ర స్థాయిలో ఒకే ఒక్క కోరిక. శాసనసభ సమావేశాల్లో కల్వర్టుల నిధులకు, స్థానిక అడ్డంకుల తొలగింపు మండలి నిధులకు కోత ప్రతిపాదన వచ్చినప్పుడు మన సంఘాలన్నీ కలిసి ఒకే ఉత్తరం రాయాలి. ఎన్నికల సమయంలో మన వేదికలకు వచ్చే అభ్యర్థులను వీసాల గురించి, పన్నుల గురించి అడిగినట్టే, 2030 గడువు గురించీ, ఒడ్డు చెట్ల చట్టం గురించీ అడగాలి. 2016లో చెర్రీ పాయింట్ దగ్గర బొగ్గు ఎగుమతి రేవుకు ఆర్మీ ఇంజనీర్లు అనుమతి నిరాకరించారు, లమ్మి తెగ సంధి హక్కులకు అది భంగకరమన్న కారణంతోనే. సంధి మాట అధికారుల బల్ల మీద పనిచేయగలదని దానితో రుజువైంది. కానీ ప్రతిసారీ తెగ ఒక్కటే నిలబడి పోరాడవలసిన అవసరం ఉండకూడదు.

వచ్చే కార్యవర్గ సమావేశపు అజెండాలో ఈ లేఖను చేర్చవలసిందిగా ప్రతి సంఘాన్నీ కోరుతున్నాను. సిటీల వారీగా బాధ్యులను నియమించడానికి ముందుకొచ్చే సంఘాలకు విచారణల తేదీలు ఎక్కడ ప్రకటిస్తారో, తెగల వ్యాఖ్యలు ఎక్కడ దొరుకుతాయో, వ్యాఖ్య ఎలా పంపాలో తెలుగులో రాసి ఇచ్చే పని నేను చేస్తాను. ఈ ప్రతిపాదనల్లో మీకు ఒప్పుదల కానివి ఉంటే వాటిని, కారణాలతో సహా, బహిరంగంగానే తెలియజేయండి. చర్చ జరగడమే నాకు ముఖ్యం.

గౌరవంతో,
సమామిష్ లోయలో నివసిస్తున్న ఒక తెలుగు పౌరుడు